లినక్స్ డెస్క్‌టాప్ బాగుపడేలా సూచన పంపడం ఎలా? మొదటి నుంచి చివరిదాకా

విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో అప్‌డేట్‌ల గడువు తీరింది. విండోస్ 11 ఎక్కని పాత కంప్యూటర్లలో దాని బదులు ఉచిత లినక్స్ సిస్టమ్‌లైన ఉబుంటునో, లినక్స్ మింట్‌నో వేసుకున్నవాళ్ల దగ్గర్నుంచి ఒకే ప్రశ్న పదేపదే వస్తోంది: "ఇది ఇట్టా కాకుండా అట్టా ఉంటే బాగుండు. ఎవురికి చెప్పాల?"

చెప్పే దారి ఉంది, పైసా ఖర్చు లేదు. కాకపోతే అవతల చదివేవాళ్ల దగ్గర టైము తక్కువ. అందుకే వాళ్లకు మందు పేరు చెప్పే ముందు నొప్పి ఎక్కడో చూపించాలి. ఈ గైడంతా ఆ చూపించే పని గురించే.

ఒక మాట: కమాండ్లూ బటన్ల పేర్లూ ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఉన్నాయి. టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే కిటికీలో) వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లోనే కొట్టాలి.

1. ముందు ఇబ్బందిని ఒక్క వాక్యంలోకి తెండి

ఒక ఉదాహరణను చివరిదాకా వెంటబెట్టుకుని పోదాం. ఒంగోలులో ఒక చిన్న డీటీపీ సెంటరు. నెట్టు ఫోను హాట్‌స్పాట్ నుంచి. రోజుకు 1.5 జీబీ ప్యాకు. కంప్యూటర్లో ఉబుంటు 24.04. పొద్దున షాపు తెరిచిన గంటకే డేటాలో పెద్ద ముక్క ఎగిరిపోతోంది.

"ఉబుంటు డేటా తాగేస్తోంది" అని రాస్తే అది కోపం మాత్రమే. దాంతో ఎవరూ ఏమీ చేయలేరు. "ఫోను హాట్‌స్పాట్ మీద ఉన్నప్పుడు, అడగకుండానే ఫైర్‌ఫాక్స్ కొత్త వెర్షన్ దిగుతోంది" అంటే అది ఇబ్బంది. ఎప్పుడు, ఏది, ఏం చేస్తోంది అనే మూడూ అందులో ఉన్నాయి.

ఆ వాక్యం రాసుకున్నాక, అది ఏ కోవలోకి వస్తుందో చూసుకోండి.

- తప్పు: చేయాల్సిన పని చేయడం లేదు, లేదా చెడగొడుతోంది.
- లోటు: ఉన్నదాంట్లో తప్పేమీ లేదు, ఒక సదుపాయం లేదు.
- అలవాటు: వేరే చోట ఇంకోలా ఉండేది, చెయ్యి దానికి అలవాటు పడింది.

మూడో కోవది పంపేముందు కాస్త ఆగండి. ఫెడోరా అనే ఇంకో లినక్స్‌లో కిటికీ మూలన మినిమైజ్ బటన్ ఉండదు. మరిచిపోయి వదిలేయలేదు, ఆ డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ వాళ్లు కావాలనే అలా పెట్టారు. ట్వీక్స్ యాప్‌లో ఒక్క మీట జరిపితే వచ్చేస్తుంది. దానికోసం సూచన రాస్తే అది మూతపడటానికి పూట కూడా పట్టదు.

నాలుగో కోవ కూడా ఒకటుంది, మన షాపుల్లో ఎక్కువగా కనపడేది అదే: ఆపరేటింగ్ సిస్టమ్ చేతిలో లేని పని.

పాత అను ఫాంట్లతో టైపు చేసిన పెళ్లిపత్రిక ఫైలు లినక్స్‌లో పిచ్చి గీతలుగా కనపడుతుంది. ఆ ఫాంట్లు యూనికోడ్ కావు, ఇంగ్లీషు అక్షరాల కోడ్ల మీద తెలుగు బొమ్మలు పరిచినవి. దానికి కావాల్సింది కన్వర్టరు.

కేనన్ ఎల్‌బీపీ 2900 లాంటి ప్రింటర్లు కంపెనీ సొంత డ్రైవరు మీద నడిచేవి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020కి హెచ్‌పీలిప్ అనే డ్రైవరుతో పాటు అదనంగా ఒక ప్లగిన్ దించుకోవాలి. వేలిముద్రల పరికరాలకు డ్రైవరు ఇవ్వాల్సింది వాటిని తయారుచేసినవాళ్లే. వీటి మీద డెస్క్‌టాప్ వాళ్లకు ఎన్ని ఉత్తరాలు రాసినా గోడకు చెప్పుకున్నట్టే.

2. దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఉబుంటు అయితే సెట్టింగ్స్, సిస్టమ్, అబౌట్, సిస్టమ్ డీటెయిల్స్. అక్కడ వెర్షను, గ్రాఫిక్స్, స్క్రీను మీద బొమ్మ చూపించే పద్ధతి వేలాండా ఎక్స్11నా అన్నీ ఉంటాయి. కాపీ బటన్ కూడా ఉంది.
- మింట్ అయితే మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి, ఆ పేజీ మొత్తం కాపీ చేసుకోండి.
- 8 జీబీ ఖాళీ పెన్‌డ్రైవ్ ఒకటి.
- స్క్రీన్‌షాట్, ఇంగ్లీషు మెనూలతో. ఇంటర్‌ఫేస్ తెలుగులో పెట్టుకుని ఉంటే ఆ కాసేపు భాష మార్చండి. సెట్టింగ్స్‌లో మార్చాక ఒకసారి లాగవుట్ కావాలి.
- గడియారం చూసి రాసుకున్న టైము. "పొద్దున" అని కాదు, 9.40 అని.

కాపీ చేసిన వివరాల్లో కంప్యూటరు పేరు, యూజర్ పేరు, సీరియల్ నంబరు, వై-ఫై పేరు ఉంటే తీసేయండి. మీరు పంపేది లోకమంతా చూస్తుంది. స్క్రీన్‌షాట్ వెనకాల కస్టమరు ఆధార్ ఫైలు తెరిచి ఉండటం డీటీపీ షాపుల్లో మామూలే. ముందు అన్ని కిటికీలూ మూసి, ఆ తర్వాత తీయండి.

3. మూడు పరీక్షలు, ఈ వరుసలోనే

మొదటిది: అప్‌డేట్. ఉన్న అప్‌డేట్లన్నీ వేసి, రీస్టార్ట్ చేసి, మళ్లీ చూడండి. పాత వెర్షన్లో కనపడి ఇప్పటికే సరైపోయినవి చాలా ఉంటాయి.

రెండోది: కొత్త యూజర్. సెట్టింగ్స్‌లో యూజర్స్ దగ్గర అన్‌లాక్ చేసి, పరీక్ష కోసమని ఒక ఖాతా తెరవండి. దాంట్లోకి లాగిన్ అయి అదే పని చేయండి. ఇబ్బంది అక్కడ లేకపోతే తప్పు సిస్టమ్‌ది కాదు, మీ పాత ఖాతాలోని ఏదో సెట్టింగ్‌దో ఎక్స్‌టెన్షన్‌దో (డెస్క్‌టాప్‌కు అదనంగా తగిలించుకున్న ముక్కదో). ఎక్స్‌టెన్షన్లన్నీ ఆపి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ పోతే దొంగ దొరుకుతాడు. అప్పుడు సూచన పోవాల్సింది ఆ ఎక్స్‌టెన్షన్ రాసినవాళ్లకు.

మూడోది: లైవ్ పెన్‌డ్రైవ్. కొత్త వెర్షన్ ఐఎస్ఓ ఫైలు దించి, పెన్‌డ్రైవ్‌లో రాసి, దాంతో బూట్ చేయండి. డెల్, లెనోవో మెషీన్లలో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. "ట్రై" అన్నదే ఎంచుకోండి. ఇన్‌స్టాల్ జోలికి పోతే షాపు లెక్కలు తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది.

మన ఉదాహరణలో రెండో పరీక్షతో ఉపయోగం లేదు, ఎందుకంటే అప్‌డేట్లు యూజర్‌కు సంబంధించినవి కావు. ఏ పరీక్ష దేనికో తెలుసుకుని చేయండి, మొక్కుబడిగా మూడూ చేయక్కర్లేదు. ఇక్కడ సాక్ష్యం వేరే చోట ఉంది.

ఉబుంటులో ఫైర్‌ఫాక్స్ లాంటి ప్రోగ్రాములు స్నాప్ అనే ప్యాకేజీలుగా వస్తాయి. టెర్మినల్ తెరిచి స్నాప్ ఛేంజెస్ అని కొట్టండి. ఏ స్నాప్ ఎప్పుడు మారిందో టైముతో సహా వరసగా వస్తుంది. "ఆటో-రిఫ్రెష్" అన్న మాట పక్కన ఫైర్‌ఫాక్స్ పేరుంటే అది మీరు అడిగి చేయించింది కాదు. స్నాప్ రిఫ్రెష్ అని కొట్టి, ఖాళీ వదిలి, రెండు గీతలు పెట్టి టైమ్ అని చేరిస్తే తర్వాతి వంతు ఎప్పుడో చెబుతుంది. మామూలుగా రోజుకు నాలుగుసార్లు చూసుకుంటుంది.

4. సదుపాయం ఇప్పటికే ఉందేమో వెతకండి

సూచనల్లో ఎక్కువ భాగం ఇక్కడే ఆగిపోతాయి, ఆగిపోవాలి కూడా.

వై-ఫై సెట్టింగ్స్‌లో మీ నెట్‌వర్క్ పక్కన ఉన్న పళ్ల చక్రం గుర్తు నొక్కితే, డీటెయిల్స్ పేజీ కింద "మీటర్డ్ కనెక్షన్" (డేటాకు హద్దు ఉన్న నెట్టు) అనే టిక్కు ఉంటుంది. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌ను చాలాసార్లు సిస్టమే గుర్తుపడుతుంది. ఈ టిక్కు ఉంటే గ్నోమ్ సాఫ్ట్‌వేర్ యాప్ తనంతట తాను దించడం మానేస్తుంది.

కానీ స్నాప్‌ల సంగతి వేరు. మీటర్డ్ అని తెలిసినా అవి ఆగవు, మొదట్లో వచ్చే అమరిక అలాంటిది. ఆపాలంటే సుడో స్నాప్ సెట్ సిస్టమ్ అని కొట్టి, ఖాళీ వదిలి, రిఫ్రెష్ చుక్క మీటర్డ్ సమానం హోల్డ్ అని మధ్యలో ఖాళీల్లేకుండా చేర్చాలి. అది పెట్టాక బ్రౌజర్ భద్రతా అప్‌డేట్లు కూడా ఆగుతాయి కాబట్టి, వారానికోసారి మంచి నెట్టు ఉన్నచోట సుడో స్నాప్ రిఫ్రెష్ చేయించాలి.

చూశారా, ఇబ్బంది సన్నబడింది. "డేటా తాగుతోంది" కాదు, "అప్‌డేట్లు ఆపే వీలు లేదు" కూడా కాదు. అసలు లోటు ఇది: యూజర్ మీటర్డ్ అని టిక్కు పెట్టి కూడా స్నాప్‌ల కోసం మళ్లీ టెర్మినల్‌కు పోవాల్సి వస్తోంది. ఇంత సన్నబడ్డ సూచనే ఎవరైనా చేత్తో పట్టుకోగలిగేది.

5. ఏ గుమ్మం తొక్కాలి

డెస్క్‌టాప్ అంటే ఒక్క ఇల్లు కాదు, వీధి. ఉబుంటు వాడుతున్నారని అన్నీ ఉబుంటుకే చెప్పకూడదు.

- ఉబుంటు సొంత ముక్కలు, స్నాప్, ఇన్‌స్టాలర్: లాంచ్‌ప్యాడ్ అనే సైటు. టెర్మినల్‌లో ఉబుంటు-బగ్ అని కొట్టి, పక్కన ప్యాకేజీ పేరు ఇస్తే వివరాలు తానే పోగుచేసి పేజీ తెరుస్తుంది. మన ఉదాహరణలో ప్యాకేజీ పేరు స్నాప్‌డీ.
- గ్నోమ్ ముక్కలు, అంటే ఫైల్స్, సెట్టింగ్స్, షెల్: తప్పు అయితే గ్నోమ్ గిట్‌ల్యాబ్ సైటు, ఇంకా రూపం రాని ఆలోచన అయితే గ్నోమ్ డిస్కోర్స్ అనే చర్చా వేదిక.
- కేడీఈ (గ్నోమ్ లాంటి ఇంకో డెస్క్‌టాప్): వాళ్ల బగ్‌జిల్లా సైటు. లోటు గురించి అయితే సివియారిటీ దగ్గర "విష్‌లిస్ట్" పెట్టాలి.
- మింట్, దాని డెస్క్‌టాప్ సినమన్: గిట్‌హబ్‌లో లినక్స్ మింట్ ఖాతా కింద ఆ ప్రోగ్రామ్ పేరుతో ఉన్న చోటు.
- డెబియన్: రిపోర్ట్‌బగ్ అనే ప్రోగ్రామ్. ఇక్కడా లోటుకు విష్‌లిస్ట్ అనే మెట్టు ఉంది.

తప్పు గ్నోమ్‌దా ఉబుంటుదా తేలకపోతే ఫెడోరా లైవ్ పెన్‌డ్రైవ్‌తో చూడండి. అక్కడా అదే జరిగితే గ్నోమ్‌ది. ఉబుంటులోనే జరిగితే ఉబుంటు చేర్చినదాంట్లో ఉంది. ఈ ఒక్క వాక్యం రిపోర్టులో ఉంటే అవతలివాళ్లకు సగం పని తగ్గుతుంది.

ఎల్‌టీఎస్ (ఏళ్ల తరబడి అప్‌డేట్లు వచ్చే వెర్షన్) వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. 24.04లో ఉన్నది గ్నోమ్ 46. గ్నోమ్ ఆర్నెల్లకోసారి కొత్తది వదులుతుంది, మార్చిలో ఒకటి, సెప్టెంబర్లో ఒకటి. మీ సూచన ఒప్పుకున్నా కొత్త సదుపాయం రాబోయే వెర్షన్లోకి పోతుంది గానీ మీ 46లోకి రాదు. పాతదానికి వచ్చేవి తప్పుల సవరణలు, భద్రతవి మాత్రమే.

తాళం పడిన స్క్రీను పాస్‌వర్డ్ లేకుండా తెరుచుకోవడం లాంటి భద్రతా లోపమైతే బహిరంగంగా రాయొద్దు. లాంచ్‌ప్యాడ్‌లో ప్రైవేట్ సెక్యూరిటీ, గిట్‌ల్యాబ్‌లో కాన్ఫిడెన్షియల్ అన్న ఎంపికలు అందుకే ఉన్నాయి.

6. ముందే ఎవరైనా చెప్పారా?

ఒకే మాటతో వెతికి లేదనుకోవద్దు. స్నాప్ మీటర్డ్, స్నాప్ మొబైల్ డేటా, ఆటో రిఫ్రెష్ హాట్‌స్పాట్ అని మూడు నాలుగు రకాలుగా ఇంగ్లీషులో వెతకండి. మూసేసినవి కూడా చూపించమనండి. "చేయం" అని మూసి ఉంటే కారణం చదవండి. ఆ కారణానికి మీ దగ్గర కొత్త జవాబు ఉంటేనే మళ్లీ కదపండి.

దొరికితే కొత్తది తెరవక్కర్లేదు. లాంచ్‌ప్యాడ్‌లో "ఈ బగ్ నన్నూ బాధిస్తోంది" అనే అర్థంలో పైన ఒక లింకు ఉంటుంది, అది నొక్కండి. గిట్‌ల్యాబ్‌లో బొటనవేలు గుర్తు. "నాకూ ఇంతే" అని కామెంటు మాత్రం పెట్టకండి. ఆ చర్చలో ఉన్న అందరికీ ఒక మెయిల్ పోతుంది, కొత్త సంగతేమీ చేరదు. మీ హార్డ్‌వేరు వేరే అయినా, వేరే వెర్షన్లో చూసినా, అప్పుడు రాయండి.

7. రాయడం

ముందు తెలుగులోనే రాసుకోండి. ఆలోచన తేటపడ్డాక చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు చేయండి. యంత్రంతో అనువాదం చేయించుకున్నా తప్పు లేదు, కాకపోతే మెనూల పేర్లు స్క్రీను మీద ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయో లేదో సరిచూడండి. వ్యాకరణం తప్పితే ఎవరూ ఏమీ అనరు. మెట్లు తప్పితే మాత్రం ఎవరికీ అర్థం కాదు.

మన ఉదాహరణకు చిత్తుప్రతి ఇలా ఉంటుంది.

> శీర్షిక: వై-ఫైని మీటర్డ్ అని పెట్టినా స్నాప్ ఆటో-రిఫ్రెష్ ఆగడం లేదు
>
> వాడుతున్నది: ఉబుంటు 24.04, అన్ని అప్‌డేట్లూ వేసి ఉంది.
>
> చేసింది:
> 1. ఆండ్రాయిడ్ ఫోను హాట్‌స్పాట్‌కు కలిపాను.
> 2. వై-ఫై, డీటెయిల్స్‌లో మీటర్డ్ టిక్కు పెట్టాను.
> 3. తర్వాతి రిఫ్రెష్ టైము దాటేదాకా కంప్యూటరును వదిలేశాను.
>
> జరగాలనుకున్నది: మామూలు నెట్టు వచ్చేదాకా స్నాప్‌లు ఆగుతాయని.
>
> జరిగింది: ఫైర్‌ఫాక్స్ ఆటో-రిఫ్రెష్ అయింది. స్నాప్ ఛేంజెస్ ఇచ్చిన వరస కింద జతచేశాను.
>
> ఎవరికి ఇబ్బంది: రోజుకు 1.5 జీబీ ప్యాకు మీద పనిచేసే చిన్న షాపులకు. డేటా అయిపోతే ఆ రోజుకు ఆన్‌లైన్ పనులు ఆగుతాయి.
>
> ప్రస్తుతానికి ఏర్పాటు: రిఫ్రెష్ మీటర్డ్‌ను హోల్డ్‌లో పెడితే ఆగుతోంది, కానీ టెర్మినల్ తెలియనివాళ్లకు ఆ దారి కనపడదు.
>
> ఒక ఆలోచన: సెట్టింగ్స్‌లోని టిక్కునే స్నాప్ కూడా పాటిస్తే చాలు. ఇంతకంటే మంచి దారి ఉండొచ్చు.

ఆఖరి రెండు వాక్యాలు చూడండి. పరిష్కారం చివర, ఒక్క ముక్కలో, తలుపు తెరిచి ఉంచి. కొత్తవాళ్లు దీన్ని తలకిందులు చేస్తారు. "సెట్టింగ్స్‌లో ఎడమవైపు ఎర్ర బటన్ పెట్టండి" అని మొదలుపెడతారు, ఎందుకో చెప్పరు. బటన్ కుదరదంటే సూచన అక్కడికక్కడే మూత. ఇబ్బంది చెప్పి ఉంటే బటన్ కాకపోయినా ఇంకోటి వచ్చేది.

"ఎవరికి ఇబ్బంది" అన్న వరుసను చాలామంది దండగ అనుకుని వదిలేస్తారు. నిజానికి మన బలం అక్కడే ఉంది. రోజువారీ ప్యాకు మీద షాపు నడపడం అంటే ఏంటో, కరెంటు పోతూ వస్తూ ఉంటే అప్‌డేట్ మధ్యలో ఏమవుతుందో, హద్దులేని నెట్టు ఉన్నవాళ్ల ఊహకు అందదు. చీమకుర్తి గ్రానైటు ఆఫీసులోని బిల్లు ప్రింటరో, నెల్లూరు రొయ్యల మేత దుకాణంలోని పాత 4 జీబీ కంప్యూటరో, ఉన్నది ఉన్నట్టు రాయండి. జాలి కోసం కాదు, కొలత కోసం.

ఒక రిపోర్టులో ఒక్క సంగతే. "ఇంకా ఇవి కూడా" అని పది పెడితే పదీ పోతాయి.

8. తెలుగుకు సంబంధించినవైతే

స్క్రీన్‌షాట్ ఒక్కటే పంపితే చాలదు. అవతలివాళ్లకు తెలుగు రాదు, బొమ్మలో ఏది తప్పో తెలియదు. ఆ పదాన్ని అక్షరాలుగా అతికించి, "రెండో అక్షరం కింద రావాల్సిన వత్తు పక్కకు పోయింది" అని చెప్పి, సరిగ్గా కనపడే బొమ్మ కూడా పక్కన పెట్టండి.

స్త్రీ, లక్ష్మి, ఈర్ష్య, వైశిష్ట్యం. ఈ నాలుగు పదాలను టెక్స్ట్ ఎడిటర్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ రైటర్ మూడింట్లోనూ అతికించి చూడండి.

- ఒక్క యాప్‌లోనే చెడితే ఆ యాప్ వాళ్లకు.
- ఒక్క ఫాంటులోనే చెడితే ఆ ఫాంటు చేసినవాళ్లకు. నోటో సాన్స్ తెలుగుకు మార్చి సరిచూడండి.
- అన్నింట్లో, అన్ని ఫాంట్లతో చెడితే అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్ దాకా పోవాలి. ఇది చాలా అరుదు.

రైటర్‌లో అక్షరం పక్కన కర్సర్ పెట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే దాని యూనికోడ్ నంబరు వస్తుంది. మళ్లీ నొక్కితే అక్షరం అవుతుంది. తెలుగువి 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ లోపు ఉంటాయి. ఆ నంబర్లు రిపోర్టులో పెట్టండి.

"లినక్స్‌లో" అని కొడితే "లినక్స్లో" అని లకారం వత్తుగా ఇరుక్కుంటోందన్న ఫిర్యాదు తరచూ వస్తుంది. అది ఫాంటు తప్పు కాదు. రెంటి మధ్యా కంటికి కనపడని 200సీ అనే గుర్తు పడలేదు, అంతే. మీ కీబోర్డు పద్ధతిలో దాన్ని కొట్టే మీట లేకపోతే, అప్పుడు సూచన ఆ కీబోర్డు లేఅవుట్ గురించి రాయాలి. ఇన్‌స్క్రిప్టా, ఐట్రాన్సా, ఆర్‌టీఎస్సా అన్నది తప్పకుండా చెప్పాలి.

మెనూలో తెలుగు మాట ఎబ్బెట్టుగా ఉంటే అది అనువాదం పని. గ్నోమ్‌కు డ్యామ్డ్ లైస్ అనే చోటు ఉంది, మింట్‌కు లాంచ్‌ప్యాడ్, లిబ్రేఆఫీస్‌కు వెబ్‌లేట్. అసలు ఇంగ్లీషు వాక్యం, ఇప్పుడున్న తెలుగు, మీరు అనుకునే తెలుగు, మూడూ ఇస్తే సరిపోతుంది.

9. పంపే బటన్ నొక్కే ముందు

- శీర్షిక చదివితే, లోపల చదవకుండానే ఇబ్బంది తెలుస్తోందా?
- తెలియనివాళ్లు మీ మెట్లు పట్టుకుని పోతే అదే చోటికి చేరతారా?
- "దయచేసి త్వరగా", "విండోస్‌లో ఇది ఎప్పుడో ఉంది" లాంటి మాటలు తీసేశారా?
- సొంత వివరాలు, కస్టమర్ల కాగితాలు ఎక్కడా కనపడటం లేదు కదా?
- లాగ్‌ను ఫొటో తీసి కాకుండా అక్షరాలుగా జతచేశారా?

10. పంపాక

మెయిల్ చూస్తుండండి, స్పామ్ ఫోల్డరు కూడా. లాంచ్‌ప్యాడ్‌లో వివరాలు అడిగి "ఇన్‌కంప్లీట్" అని పెట్టాక 60 రోజులు ఉలుకూ పలుకూ లేకపోతే రిపోర్టు దానంతట అదే కాలం చెల్లుతుంది. కేడీఈలో గడువు ఇంకా తక్కువ: సమాచారం అడిగిన 15 రోజులకు గుర్తుచేస్తారు, 30 రోజులకు మూసేస్తారు. అడిగింది తెలియకపోతే "ఇది ఎలా చూడాలో చెప్పండి" అని రాసినా జవాబే.

నెలలు గడిచినా కదలకపోతే "ఏమైంది" అని అడగకండి. కొత్త వెర్షన్ వచ్చినప్పుడు లైవ్ పెన్‌డ్రైవ్‌తో మళ్లీ చూసి, "26.04లోనూ ఇలాగే ఉంది" అనో, "26.04లో సరైంది" అనో ఒక్క వాక్యం రాయండి.

ఉబుంటులో తప్పుకు సవరణ తయారైతే ముందు "ప్రపోజ్డ్" అనే చోట పెట్టి, పరీక్షించమని రిపోర్టులోనే అడుగుతారు. ఏ ప్యాకేజీ, ఏ వెర్షను అన్నది అక్కడే రాసి ఉంటుంది. ఆ ఒక్క ప్యాకేజీనే వేసి, మీ మెట్లు మళ్లీ నడిచి, పనిచేస్తే అక్కడున్న వెరిఫికేషన్ నీడెడ్ ట్యాగును వెరిఫికేషన్ డన్‌గా మార్చి, ఏ వెర్షన్‌తో చూశారో రాయండి. దీన్ని బిల్లింగు నడిచే మెషీన్ మీద మాత్రం చేయకండి. పక్కన పాత కంప్యూటరు ఏదైనా ఖాళీగా ఉంటే దాని మీద చూడండి.